గోడలో వైరు

చదివేవాళ్ళు ముందుగా నా రాతను మన్నించాలి. నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. మొదట పంచాయితీ వాళ్ళు పెట్టిన తరగతిలో కన్నడం నేర్చుకున్నాను. ఆ తర్వాత మా దాసమ్మ కోడలు తెలుగు నేర్పింది. ఆ పిల్లది మడకశిర దిక్కు, తెలుగు బడిలో చదువుకుంది. అందుకే నా తలకట్లు అక్కడక్కడా కన్నడంలాగా వంగిపోతాయి. ఒక ఒత్తుకు బదులు ఇంకో ఒత్తు పడుతుంది. ఒక పుట నింపడానికి నాకు ఒక పొద్దంతా పడుతుంది. ఇది రాయడానికి ఈ చలికాలమంతా సరిపోయింది. మీరు కూడా నిదానంగానే చదవండి.

చెప్పబోయేది ఒక ఎండాకాలం సంగతి. ఎండాకాలం అన్నాను కానీ ఆ యేడు అది ఆషాఢం దాటి శ్రావణం దాకా సాగింది. తొంభై ఆరో సంవత్సరం అనుకుంటాను.

మా ఆయన నూనె మిల్లులో లారీ తోలేవాడు. ఆయన పేరు నేను నోటితో ఎప్పుడూ పలకలేదు. రాయడంలో తప్పు లేదని కోడలు చెప్పింది కాబట్టి రాస్తున్నాను. బైలప్ప. ఆ ఎండాకాలానికి రెండు మూడేళ్ళ ముందు బెంగళూరు నుంచి వస్తూ వీడియో గేము తెచ్చాడు. నల్లటి పెట్టె, ఒక క్యాసెట్టు, పొడుగాటి వైర్లతో రెండు రిమోట్లు. పిల్లలున్న ఇంటికి తెచ్చే వస్తువు అది. మాకు పిల్లలు లేరు.

"ఎవరికి తెచ్చినావు దీన్ని?" అని అడిగాను.

"మనకే. ఇది ఇద్దరి ఆట. ఒకరితో అయ్యేది కాదు. దా, కూర్చో."

"నాకేం తెలుసు? నేను ఆడను పో."

"నువ్వు ఆడకపోతే ఇది మూలన పడుంటాది. దుడ్లు పోసి తెచ్చినా కదే."

అట్లా కూర్చోబెట్టాడు. మాది చిన్న టీవీ, రంగులు లేనిది. అందులో ఇద్దరు మనుషులు వచ్చి నిలబడతారు. ఒకడిది తెల్ల నిక్కరు, ఒకడిది నల్ల నిక్కరు. ఇద్దరి చేతుల్లో తుపాకులు. తెల్లవాణ్ణి నేను, నల్లవాణ్ణి ఆయన ఆడించాలి. అడవులు, గుంతలు, ఎదురొచ్చే శత్రువులు. ఆ ఆటలో ఒక నియమం ఉంది. ఇద్దరూ కలిసే నడవాలి. ఒకడు వెనక నిలబడిపోతే తెర ముందుకు జరగదు. ముందున్నవాడు తెర అంచుకు తగులుకొని అక్కడక్కడే కాళ్ళు ఆడిస్తుంటాడు. ఇద్దరికీ తలా కొన్ని ప్రాణాలు ఇస్తారు. ఒకరివి అయిపోతే, ఒక బటన్ నొక్కి రెండోవాడి ప్రాణాల్లోంచి ఒకటి తీసుకోవచ్చు.

ఎప్పుడూ నావే ముందు అయిపోయేవి. నేను బటన్ నొక్కడానికి జంకేదాన్ని.

"తీసుకో, తీసుకో. నా దగ్గర ఉండాయిలే," అనేవాడు ఆయన, తెర మీంచి చూపు తిప్పకుండా.

దాసమ్మ నా తోడికోడలు. మా మరిది ఎర్రప్ప భార్య. వాళ్ళ కొడుకు పావగడ హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. బావ ఎదుట కూర్చోకూడదు కాబట్టి ఆమె ఆ ఆట ఎప్పుడూ ఆడలేదు. వంటింటి వాకిలి చాటున నిలబడి చూసేది. చేతిలో గరిటె ఉండేది, పొయ్యి మీద సంకటి మాడిపోయేది. "అక్కా, పైనోడు! పైనోడు!" అని నాకు మాత్రమే వినపడేట్టు గుసగుసలాడేది. ఎక్కడ గుంత వస్తుందో, ఎక్కడ చెట్టు మీంచి కాలుస్తారో ఆమెకు నాకంటే బాగా తెలుసు. మా ఆయన విననట్టే ఉండేవాడు. మరదలు ఒకసారి బాగా చెప్పినప్పుడు మాత్రం నాతో, "మీ గురువు ఈరోజు హుషారుగా ఉండాది," అని నవ్వాడు.

ఆ ఎండాకాలానికి ముందటి కార్తీకంలో ఆయన లారీ దిగి ఇంటికొచ్చి, చెంబెడు నీళ్ళు తాగి, గుండెలో పట్టేసినట్టుందని పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

కొన్నాళ్ళు ఆ టీవీ మీద గుడ్డ కప్పే ఉంది. సంక్రాంతి పోయాక ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు గుడ్డ తీశాను. ఆయన చేసినట్టే క్యాసెట్టును నోటితో ఊది పెట్టెలో దించాను. టీవీ చక్రం తిప్పి బొమ్మ పట్టాను. తెర మీద రెండు వరుసల్లో ఏవో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, పక్కన ఒక బాణం. ఆయన ఎప్పుడూ ఆ బాణాన్ని పై వరుస నుంచి కింది వరుసకు దించి నొక్కేవాడు. నేనూ అట్లాగే దించి నొక్కాను. ఇద్దరూ వచ్చి నిలబడ్డారు.

నా రిమోటు చేతిలో పట్టుకున్నాను. ఆయన రిమోటు నేల మీద పెట్టి కాలి బొటనవేలితో నొక్కాను. నల్లవాడు నడిచాడు. కొంచెం నన్ను నడిపించుకొని, ఆగి, కొంచెం ఆయన్ని నడిపించేదాన్ని. కాలితో దూకించడం కుదరక ఆయన గుంతల్లో పడిపోయేవాడు. అయినా కొంత దూరం పోయేవాళ్ళం. వాకిట్లో అలికిడి అయి తలెత్తితే వంటింటి వాకిలి చాటున దాసమ్మ నిలబడి ఉంది. నా కాలి వైపు చూసింది. లోపలికి పోయింది.

వైశాఖంలో విత్తనాలకు వేరుశనగ కాయలు ఒలిచే పని మొదలైంది. పడసాలలో ఆడవాళ్ళమంతా చాటలు ముందేసుకొని కూర్చున్నాం. కాపురానికి వచ్చిన నాటినుంచీ మా చేలో గొర్రు వెనక విత్తనం వేసింది నేను. నా చేయి మంచిదని మా అత్త చెప్పేది. అలవాటుగా విత్తనం కాయల గంప దగ్గరికి జరిగి చాటలోకి దోసెడు తీసుకున్నాను. దాసమ్మ వంగి నా చాట తన వైపుకు లాక్కుంది.

"అక్కా, ఈతూరి ఇత్తనం కాయ నువ్వు ముట్టుకోవద్దులే. ఆడ తినే కాయలుండాయి చూడు, అవి ఒలువు."

మెల్లగానే అంది. గట్టిగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. అక్కడున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా తమ చాటల్లోకి చూసుకున్నారు. నేను చేతులు దులుపుకొని లేచాను.

ఆరోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. ఆమె రెండు మూడుసార్లు "అక్కా" అని పిలిచి చూసింది. తర్వాత ఆమె కూడా పిలవడం మానేసింది. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరు మాట్లాడకుండా వంట చేయడం ఎట్లా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఎర్రప్ప కొన్నాళ్ళు చూసి, నా దగ్గరికి వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"వదినా, తప్పుగా అనుకోవద్దు. పొయ్యిలు వేరుగా ఉంటే ఎవరికీ నొప్పి ఉండదు. అన్న పాలు అన్న పాలే. నీకు రావాల్సింది నీకు వస్తాది."

"నీ ఇష్టంప్పా," అన్నాను.

పంపకానికి ఊరి పెద్దమనిషి దొడ్డన్నను పిలిచారు. ముసలాయన, ధర్మం తప్పడని పేరు. ఇంటిని అడ్డంగా రెండు చేశాడు. వీధి వాకిలి ఉన్న సగం వాళ్ళకు, పెరటి వాకిలి ఉన్న సగం నాకు. చేను సగం, సగం. గంగాళాలు, బిందెలు, చాటలు, జల్లెడలు అన్నీ వాకిట్లో జతలు జతలుగా పెట్టించాడు. టీవీ మా ఆయన తెచ్చింది కాబట్టి నా వైపు పెట్టారు. దానికి తగిలించి ఉంది కాబట్టి గేము పెట్టె కూడా దానితోనే వచ్చింది. చివరికి రిమోట్లు మిగిలాయి. దొడ్డన్న ఒకదాన్ని వైరు పట్టుకొని ఎత్తి చూశాడు.

"ఇదేందప్పా?"

"టీవీలో బొమ్మల్ని ఆడించేది," అన్నాడు ఎర్రప్ప.

"ఎన్ని ఉండాయి?"

"రెండు."

"రెండుంటే ఇంకేం మరి? తలా ఒకటి."

"ఆ పెట్టె లేకుండా వాళ్ళేం చేసుకుంటారు దొడ్డన్నా?" అని ఎవరో నవ్వారు.

"అది వాళ్ళ ఇష్టం. పంచేటప్పుడు జతలో ఒకటి ఒకరికే ఎక్కువ పోతే రేపు నా మీద మాట వస్తాది," అన్నాడాయన. తిరగలి రాళ్ళను పైది ఒకరికి, కిందిది ఒకరికి ఇవ్వలేదు, అంతవరకు మేలు. అట్లా నల్లవాణ్ణి ఆడించే రిమోటు దాసమ్మ పాలికి పోయింది. ఆమె దాన్ని తీసుకుని, వైరు చుట్టి, కొంగు కింద పెట్టుకుంది. వద్దని అనలేదు.

పడసాల మధ్యలో గోడ మొదలుపెట్టారు. రాళ్ళు, మట్టి. ఎర్రప్పే కట్టాడు. గోడ నా రొమ్ము ఎత్తుకు వచ్చేసరికి ఊరి బావి ఎండి అడుగు కనపడింది. ఊరి బోరు నీళ్ళు మనుషులకూ పశువులకూ తప్ప దేనికీ వాడకూడదని కట్టడి చేశారు. మట్టి కలపడానికి నీళ్ళు లేక గోడ అట్లాగే ఆగిపోయింది. "వాన పడినంక లేపుదాం," అని ఎర్రప్ప తాపీ కడుక్కోకుండానే మూలన పెట్టేశాడు.

రొమ్ము ఎత్తు గోడకు ఆవల మనిషి నడుస్తుంటే తల కనిపిస్తుంది. దాసమ్మ తల దువ్వుకోవడం కనిపించేది, పొయ్యి ఊదేటప్పుడు దగ్గడం వినిపించేది, వాళ్ళ కూర వాసన నా వైపుకు వచ్చేది. గోడ పూర్తిగా లేచి ఉంటే నాకు అంత దిగులు ఉండేది కాదేమో. వాళ్ళిద్దరూ తినేటప్పుడు పళ్ళేల చప్పుడు విని నేనూ అప్పుడే వడ్డించుకునేదాన్ని. ఎందుకో ఆ చప్పుడు ఆగకముందే తిని లేవాలనిపించేది.

మధ్యాహ్నాలు గేము పెట్టేదాన్ని. బాణాన్ని కిందికి దించితే ఇద్దరూ వచ్చేవాళ్ళు. ఇప్పుడు కాలికి రిమోటు లేదు. నల్లవాడు ఎడమ పక్కన కదలకుండా నిలబడేవాడు. నేను తెర అంచుదాకా పోయి ఆగేదాన్ని. వచ్చినవాళ్ళను వచ్చినట్టు కాల్చి, వెనక్కి వచ్చి నల్లవాడి పక్కన నిలబడేదాన్ని. ఎవరో ఒకరు వచ్చి వాణ్ణి చంపేవాళ్ళు. మళ్ళీ పుట్టి అక్కడే నిలబడేవాడు. అన్ని ప్రాణాలూ అట్లా నిలబడే పోగొట్టుకునేవాడు.

ఒకరోజు అట్లా ఆడుతుంటే గోడమీంచి ఏదో వచ్చి నా పక్కన పడింది. తొండ అనుకొని కాలు వెనక్కి లాక్కున్నాను. చూస్తే వైరు. కొసన ప్లగ్గు. గోడకు ఆవల దాసమ్మ నిలబడి ఉంది, రిమోటు గోడ మీద పెట్టుకొని రెండు చేతులతో పట్టుకొని. నా వైపు చూడలేదు. టీవీ వైపు చూస్తోంది.

ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాను. తర్వాత పెట్టెలో రెండో బొక్కకు తగిలించాను. వైరు చాలలేదు. టీవీ ఉన్న స్టూలును గోడ దగ్గరికి లాగాను.

నల్లవాడు ఒకసారి పైకి ఎగిరాడు. ఇంకోసారి ఎగిరాడు. తర్వాత నడిచాడు. తెర ముందుకు జరిగింది.

ఆ రోజు నుంచి అదే పద్ధతి అయింది. మా ఊరికి అప్పట్లో కరెంటు వంతుల మీద ఇచ్చేవాళ్ళు. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం. బల్బు వెలగగానే నేను టీవీ పెట్టి ఆట మొదట్లో వచ్చే పాట వినిపించేదాన్ని. ఆమెకు వీలైతే ప్లగ్గు గోడదాటి వచ్చేది. పని ఉంటే వచ్చేది కాదు. అప్పుడు టీవీ ఆపేసేదాన్ని. పొద్దున కరెంటు వచ్చే వారాల్లో ఆమె చీకటితోనే సంకటి కెలికేసేది. నేనూ బోరు దగ్గరికి ముందే పోయి బిందె పట్టుకొచ్చుకునేదాన్ని. ఆట అయిపోయాక నేను ప్లగ్గు తీసి గోడమీంచి ఆవలికి జారవిడిచేదాన్ని. ఆమె వైరు చుట్టుకొని తన మేకుకు తగిలించేది. ఆమె వస్తువు ఆమెది. ఇదంతా ఒక్క మాట లేకుండా జరిగేది.

ఆమె నాకంటే బాగా ఆడేది. అన్నేళ్ళు వంటింటి వాకిలి చాటున చూసింది కదా. నా ప్రాణాలు అయిపోయినప్పుడు నేను రిమోటు కింద పెట్టేశాను. ఆమెవి తీసుకోవడానికి చేయి రాలేదు. నల్లవాడు ముందుకు పోలేదు. నిలబడ్డాడు. శత్రువులు వస్తుంటే కాలుస్తూ, అక్కడే నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడుతుందో చూద్దామనుకున్నాను. ఆమె కదల్లేదు. చివరికి బటన్ నొక్కాను. తెల్లవాడు మళ్ళీ పై నుంచి దిగాడు, ఆమె లెక్కలో ఒక ప్రాణం తగ్గింది. అప్పుడు నడిచింది.

ఒకసారి పక్కింటి సంజీవమ్మ జల్లెడ అడగడానికి వాళ్ళ వాకిట్లోకి వచ్చింది. ఆ మనిషి నోరు ఊరుకోదు.

"ఏమే దాసమ్మా, గోడకానుకొని ఏం చేస్తాండావే పట్టపగలు?"

"పక్కకు జరుగక్కా, సచ్చిపోతాండా!"

"ఎవరే సచ్చేది?"

"నేనే. అదిగో ఆ నల్ల నిక్కరోడు నేను."

సంజీవమ్మ గోడమీంచి తొంగిచూసింది. "థూ, వానికి మీసాలుండాయి కదే!"

"ఉండనీలే. మీసాలుంటే ఏం, దూకేది నేనే కదా."

"నరసక్కా, నువ్వూనా?" అంది సంజీవమ్మ నన్ను చూసి. "బాగుండాదమ్మా మీ యవ్వారం. ఇద్దరికీ మాటల్లేవు, కలిసి మటుకు ఎవర్నో కాలుస్తాండారు! ఊర్లో చెప్తే నమ్మరు."

నాకు నవ్వు వచ్చింది. గోడకు ఆవల దాసమ్మ కూడా నవ్వింది. ఇద్దరం ఒకేసారి నవ్వాం, ఒకేసారి ఆపాం. సంజీవమ్మ జల్లెడ తీసుకోకుండానే ఈ కబురు మోసుకొని వెళ్ళిపోయింది.

ఆషాఢం అయిపోవచ్చింది. వాన లేదు. విత్తనాల మూటలు ఇళ్ళల్లో పురుగు పడతాయేమోనని జనం రోజూ విప్పి చూసుకునేవాళ్ళు. నా పాలికి వచ్చిన కాయలు నేను ఒక్కదాన్నే కూర్చొని ఒలుచుకొని మూట కట్టి పెట్టాను. ఊళ్ళో మట్టితో వానరాయణ్ణి చేసి, పలక మీద పెట్టి తలకెత్తుకొని ఇల్లిల్లూ తిరిగారు. వాళ్ళు వీధి వాకిళ్ళకే వస్తారు. నా పెరటి వాకిలికి ఎవరూ రాలేదు. "నీళ్ళు పోయండమ్మా వానరాయనికి!" అని అవతల కేకలు వినపడ్డాయి. నేను బిందెలో ఉన్న నీళ్ళు చెంబుతో ముంచి గోడమీద పెట్టాను. దాసమ్మ తన చెంబు పోసి వచ్చి, నా చెంబు కూడా తీసుకుపోయి పోసింది. ఖాళీ చెంబు మళ్ళీ గోడమీద పెట్టింది.

ఆ చెంబు తీసుకునేటప్పుడు గోడ పైవరుస రాళ్ళు చూశాను. వాన పడిందంటే మట్టి దొరుకుతుంది. మట్టి దొరికితే గోడ లేస్తుంది. ఎర్రప్ప మంచివాడు, మొదలుపెట్టిన పని మధ్యలో వదిలే మనిషి కాదు. ఊరంతా ఆకాశం వైపు చూసేది. నేనూ చూసేదాన్ని. మబ్బు పడితే నా చేను గుర్తొచ్చేది, ఆ వెంటనే గోడ గుర్తొచ్చేది. ఇట్లాంటి మాట ఎవరితో చెప్పుకుంటాను?

మా ఆయన ఉన్నప్పుడు కూడా మేమెప్పుడూ దాటని చోటు ఒకటి ఉంది. అదొక వంతెన. అడుగు పెట్టగానే పలకలు ఒక్కొక్కటి విరిగిపోతుంటాయి. ఇద్దరూ ఒకే ఊపులో పరుగెత్తాలి. శ్రావణంలో ఒక మధ్యాహ్నం మేమిద్దరం ఆ వంతెన దాకా వచ్చాం. ఇద్దరికీ ప్రాణాలు మిగిలే ఉన్నాయి. నేను ఆగాను. నల్లవాడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆమె ఊపిరి నాకు వినపడుతోంది. ఇద్దరం ఒకేసారి కదిలాం.

సగం వంతెన మీద ఉండగా కరెంటు పోయింది. తెర మధ్యలో తెల్లటి చుక్క ఒకటి మిగిలి అదీ ఆరిపోయింది. ఇల్లు చీకటిగా ఉంది. పట్టపగలు ఎందుకింత చీకటి అనుకునేలోపు పెరట్లో రేకు మీద టపటపమని చప్పుడు మొదలైంది.

"వానా! వానొచ్చె!" అని వీధిలో అరుపులు. దాసమ్మ రిమోటు వదిలేసి పిడకలు లోపలికి తేవడానికి పరుగెత్తింది. వైరు గోడమీంచి అట్లాగే వేలాడుతోంది, ప్లగ్గు నా పెట్టెలోనే ఉంది. నేను పెరటి వాకిట్లో నిలబడి వానను చూశాను. మంచి వాన. నేలంతా తాగే వాన.

మర్నాడు తెల్లవారకముందే ఎర్రప్ప పెరటి వైపు నుంచి వచ్చాడు. వెనక దాసమ్మ.

"వదినా, నీ ఇత్తనాల మూట ఇయ్యి. పదును ఉన్నంతలో రెండు చేలూ ఇత్తేస్తాం."

మూట తెచ్చి ఇచ్చాను. దాసమ్మ చేయి చాచి అందుకుంది. తల ఎత్తలేదు. అవి నా చేత్తో ఒలిచిన విత్తనాలే. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. "నువ్వూ రా" అని కూడా ఎవరూ అనలేదు. ఎడ్ల గంటల చప్పుడు చేను దిక్కుకు పోయింది. విత్తనాలు వేసినన్ని రోజులూ ఊళ్ళో ముసలివాళ్ళు, నేను తప్ప ఎవరూ లేరు. కరెంటు కూడా లేదు.

విత్తడం అయ్యాక ఎర్రప్ప తాపీ తీశాడు.

"తడి ఆరకముందే గోడ లేపేస్తే ఒక పని అయిపోతాది," అన్నాడు.

దాసమ్మ వాకిట్లో మట్టి తొక్కింది. ఆ చప్పుడు పొద్దున్నుంచీ వింటూ ఉన్నాను. ఎర్రప్ప పీట ఎక్కి రాయి పేర్చేవాడు, ఆమె మట్టి ముద్దలు అందించేది. వరుస లేచేకొద్దీ ఆమె ముఖం తగ్గుతూ వచ్చింది. నేను వైరు ఉన్నచోటికి వచ్చి నిలబడ్డాను. ఆమె వస్తువు ఆమెకు ఇచ్చేయాలి కదా. పెట్టెలోంచి ప్లగ్గు తీసి గోడమీంచి ఆవలికి చాపాను.

ఎర్రప్ప ఆగాడు. "అదేందే, వైరు తీసుకో. రాయి పెట్టాల."

దాసమ్మ మట్టి చేతులతో నిలబడి ప్లగ్గు వైపు చూసింది.

"ఉండనీ," అంది.

"గోడలోనా?"

"కరెంటు వైర్లు గోడలో ఉండవా? ఉండనీ."

"రాయి పడితే తెగిపోతాదే!"

ఆమె బయటికి పోయింది. పెరటి దిబ్బ దగ్గర ఉన్న ఆముదం చెట్టు కొమ్మ ఒకటి విరుచుకొచ్చింది. లోపల బోలుగా ఉండే కొమ్మ అది. కొడవలితో నిలువునా చీల్చి, వైరును అందులో పడుకోబెట్టి, మళ్ళీ మూసి నారతో కట్టింది. గోడమీద అడ్డంగా పెట్టింది.

"ఇప్పుడు పెట్టు రాయి."

"మీ ఆడోళ్ళ సంగతి నాకు అర్థం కాదప్పా," అని గొణుక్కుంటూ ఎర్రప్ప రాయి ఎత్తాడు. నేను ప్లగ్గు పట్టుకొని నిలబడే ఉన్నాను. తర్వాతి వరుసకు ఆమె కళ్ళు మాత్రమే కనిపించాయి. ఆ తర్వాత నెత్తి మీద గంప కింది గుడ్డ చుట్ట. ఆ తర్వాత ఏమీ లేదు. పొద్దు గుంకేలోపు గోడ దూలాన్ని తాకింది. నా సగంలోకి వీధి వాకిలి వెలుతురు రావడం అప్పటితో ఆగిపోయింది.

కరెంటు వచ్చిన రోజు మధ్యాహ్నం నేను టీవీ పెట్టాను. క్యాసెట్టు ఊదాను. గోడలోంచి వచ్చిన ప్లగ్గును పెట్టెకు తగిలించాను. బాణం కిందికి దించాను. పాట మోగింది. ఇద్దరూ వచ్చి నిలబడ్డారు.

నల్లవాడు కదల్లేదు.

తెల్లవాడు రెండు అడుగులు వేశాడు. నేను ఆగాను. గోడ ఇంకా పచ్చిగా ఉంది, మట్టి వాసన వేస్తోంది. ఆవల ఆమె ఉందో లేదో, చేలో ఉందో, ఇంట్లోనే ఉండి రాలేదో తెలుసుకునే దారి లేదు. టీవీ ఆపేద్దామని లేచాను.

నల్లవాడు ఎగిరాడు.

అక్కడ ఎగరాల్సిన పని లేదు. మళ్ళీ ఎగిరాడు. తర్వాత ముందుకు నడిచాడు, నడిచి నడిచి తిన్నగా గుంతలోకి పడిపోయాడు. దాసమ్మ ఆ గుంతలో పడడం నేను ఎప్పుడూ చూడలేదు. మళ్ళీ పుట్టాడు. మళ్ళీ నడిచి మళ్ళీ పడ్డాడు.

గోడకు ఆవలినుంచి, మట్టిలోంచి వచ్చినట్టు, గొంతు వినిపించింది.

"అక్కా. కనపడదే నాకు. యాడుండా నేను?"

వైశాఖం నుంచి ఆమెతో మాట్లాడని నోరు. తెరమీద నల్లవాడు మూడోసారి పుట్టి, మెరుస్తూ నిలబడ్డాడు.

"గుంత ముందర ఉండావు," అన్నాను. "కదలాకు."

"కదల్లేదు. చెప్పు."

"రెండడుగులు రా. ఇంకొంచెం. చాలు. పైన ఒకడుండాడు, నేను కాలుస్తా ఉండు. ఆ. ఇప్పుడు దూకు దాసమ్మా, దూకు!"

దూకింది.

ఆ యేడు నా చేనూ వాళ్ళ చేనూ ఒకే తీరుగా మొలిచాయి. వంతెన మాత్రం మేం ఎప్పటికీ దాటలేదు. ఆ మరుసటి ఎండాకాలంలో కరెంటు ఒక్కసారిగా ఎక్కువై గేము పెట్టెలోంచి పొగ వచ్చింది, అంతటితో ఆట అయిపోయింది. దానికి కొంచెం ముందు, పావగడ హాస్టల్లో చదివే దాసమ్మ కొడుకు సెలవులకు వచ్చి నా పక్కన కూర్చొని చూస్తూ, "పెద్దమ్మా, బాణం పైనే పెట్టి నొక్కు. అది ఒక్కరి ఆట. రెండోవాడు రాడు, నువ్వొక్కదానివే ఎంత దూరమైనా పోవచ్చు," అన్నాడు. మా ఆయన నాకు ఆ సంగతి చెప్పనేలేదు. నేను బాణాన్ని కిందికే దించాను.

ఆట పోయినా గోడలోంచి మాట్లాడుకోవడం అలవాటై ఉండిపోయింది. ఇద్దరం బోరు దగ్గర ఎదురుపడితే మాటలు తక్కువ. విత్తనానికి ఆమె నన్ను ఎప్పుడూ పిలవలేదు, నేనూ అడగలేదు. ఇంట్లోకి వచ్చి గోడ దగ్గర కూర్చుంటే మటుకు, "అక్కా, ఏం కూర?" అని వినపడేది.

దాసమ్మ మొన్న దసరాకు ముందు పోయింది. ఆముదం కొమ్మ ఎప్పుడో చివికిపోయింది, గోడలో వేలు పట్టేంత బొక్క ఉంది. వైరు ఇంకా అందులోనే ఉంది. నా వైపు ప్లగ్గు వేలాడుతుంటుంది. ఆవల రిమోటు ఇంకా మేకుకు ఉందో, ఎప్పుడైనా తెంపి పారేశారో కోడల్ని నేను అడగలేదు. లాగి చూస్తే తెలిసిపోతుంది. లాగలేదు.

నా పేరు నరసక్క. డెబ్బై రెండేళ్ళు ఉంటాయి. మంగళవాడలో, పెరటి వాకిలి ఉన్న సగంలోనే ఉంటున్నాను.